జిహ్వకో రుచి: బందరు, గుడివాడ, దివిసీమలలో తీపి కారాల పూర్వకథ

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని సామెత. ఒకే పంక్తిలో కూర్చున్న అన్నదమ్ములలో ఒకడు పరమాన్నం మారు వడ్డించమంటాడు. ఇంకొకడు దాని జోలికి పోక, ఆవకాయ కలుపుకొని పెరుగన్నం దాకా దానితోనే నడిపిస్తాడు. ఇందులో వింత లేదు. వింత యేమంటే, రుచి నిజంగా జిహ్వకొకటి చొప్పున వేరైనప్పుడు ఒక ఊరికంతటికీ కలిపి ఒక రుచి ఎట్లా ఏర్పడుతుంది? బందరు పేరు చెప్పగానే తొక్కుడు లడ్డు, నల్ల హల్వా ఎందుకు జ్ఞప్తికి వస్తాయి?

ఈ ప్రశ్నకు మరొక చిక్కు కూడా ఉన్నది. హల్వాకు కావలసినది గోధుమలు, లడ్డుకు శనగపిండి. కృష్ణ డెల్టా భూములలో గోధుమ పండదు. దానికి కావలసిన చలి ఇక్కడ లేదు. శనగ మెట్టప్రాంతపు నల్లరేగడి పంట. డెల్టా మాగాణిలో పండేది వరి, వరి వెనుక మినుము, పెసర. అనగా బందరుకు పేరు తెచ్చిన మిఠాయిలు రెండూ బందరు పొలాలలో పుట్టినవి కావు. ఇష్టం ఒక చోట, పంట మరొక చోట. ఈ ఎడమే దిగువ కృష్ణ రుచుల చరిత్రకు తాళపుచెవి.

చరిత్రలోకి పోయేముందు నాలుక సంగతి కొంత తెలియాలి. నాలుక కొనపై తీపి, వెనుక చేదు, పక్కల ఉప్పు, పులుపు అని గీసిన పటం చాలా కాలం పాఠ్యపుస్తకాలలో ఉండేది. ఇది పొరపాటు. 1901లో హానిగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు నాలుక అంచుల వెంట వేర్వేరు రుచులు ఎంత సులువుగా తెలుస్తాయో కొలిచాడు. అతనికి కనబడిన తేడాలు బహు స్వల్పం. 1942లో వెలువడిన బోరింగ్ గ్రంథంలో ఆ కొలతలను తిరిగి గీసినప్పుడు స్వల్పభేదాలు పెద్దవై కనిపించాయి. అక్కడినుంచి పటం పుస్తకాలకెక్కింది. రుచిమొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. తరగతిలో దీనిని తేల్చడానికి ఒక దూదిపుల్ల, కొంచెం పంచదారనీళ్లు చాలు.

మన పెద్దలు రుచులు ఆరన్నారు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. నేటి శరీరశాస్త్రం లెక్క అయిదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు పాతవి. అయిదవది 1908లో జపాను రసాయనజ్ఞుడు ఇకెడా గుర్తించిన 'ఉమామి', మాంసపు రసంలోను పుట్టగొడుగులలోను ఉండే కమ్మదనం. కారం ఈ లెక్కలోకి రాదు. మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థం రుచిమొగ్గలను కాక, మంటను, వేడిమిని తెలిపే నాడీగ్రాహకాన్ని తాకుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానం లభించింది. కనుక ఆవకాయ తిన్నవాడు "నోరు కాలింది" అంటే నాడుల దృష్టిలో అది అక్షరాలా నిజం.

అన్నదమ్ముల తేడాకు కొంత జవాబు పుట్టుకలోనే ఉన్నది. 1931లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో ఫాక్స్ అనే రసాయనజ్ఞుడు పి.టి.సి. అనే పొడిని సీసాలోకి పోస్తుండగా కొంత గాలిలోకి లేచింది. పక్కనున్న మిత్రుడు భరించలేని చేదు అన్నాడు. ఫాక్స్‌కు ఏ చేదూ తగలలేదు. ఒకే పొడి ఒకరికి చేదు, ఇంకొకరికి చప్పన! ఇది వంశపారంపర్యమని త్వరలోనే తేలింది. దానికి కారణమైన జన్యువు 2003లో దొరికింది. అయితే జన్యువు అన్నదమ్ములను విడదీయగలదు గాని, ఊరిని కలపలేదు. ఊరిని కలిపేది తల్లి భోజనం. 2001లో ఫిలడెల్ఫియాలో జూలీ మెనెల్లా, ఆమె సహచరులు ఒక సంగతి నిరూపించారు. గర్భిణిగా ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల బిడ్డలు, తక్కినవారికంటె క్యారెట్ కలిపిన ఆహారాన్ని ఇష్టంగా తిన్నారు. తల్లి తిన్నదాని వాసన ఉమ్మనీటి ద్వారాను, పాల ద్వారాను బిడ్డకు ముందే పరిచయమవుతుంది. గోంగూర డెల్టా పిల్లవానికి కొత్త కాకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. మరి తల్లి ఏమి తిన్నది అన్నది పొలం మీద, రేవు మీద, కాలువ మీద ఆధారపడిన విషయం.

రేవు తెచ్చిన తీపి

'బందరు' అంటేనే పారసీకంలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది వారి ముఖ్యమైన ఓడరేవు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ వర్తకం పెట్టారు. వారికంటె ముందునుంచీ పర్షియా వర్తకులు ఉన్నారు. ఇక్కడి అద్దకపు బట్టలు పర్షియా ఇళ్లలో పరచుకొనేవారు. ఆ అద్దకానికి 'కలంకారీ' అనే పారసీక నామమే నిలిచింది. బట్టలు పోయిన దారినే గుర్రాలు, పన్నీరు, ఎండుపండ్లు వచ్చేవి. హల్వా మాట అరబ్బీది, తీపి అని అర్థం. లడ్డు మాట సంస్కృతపు 'లడ్డుకం' నుంచి వచ్చింది. కాని తొక్కుడు లడ్డును ఈ ఊరికి తెచ్చినవారు బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన బొందిలీలని బందరులో చెప్పుకొంటారు. సిపాయి వెంట వంటవాడు, వర్తకుని వెంట మిఠాయివాడు రావడం ఏ రేవుపట్టణంలోనైనా జరిగేదే.

ఈ లడ్డు చేసే పద్ధతి చూస్తే ఎవరో ఓపికతో కూర్చుని ఆలోచించినట్లు తోస్తుంది. శనగపిండిని నీళ్లతో కలిపి, పూసలాగా వత్తి నేతిలో వేయిస్తారు. వేగిన పూసను రోట్లో దంచి జల్లిస్తారు. ఆ పొడిలో బెల్లపు పాకం పోసి, నెయ్యి చేరుస్తూ మళ్లీ దంచుతారు. 'తొక్కుడు' అనే పేరు ఈ దంపుడు వల్ల వచ్చినదే. ఏలకులు, జీడిపప్పు వేసి ఉండలు కడతారు. ఉండలు కట్టేదే అయినప్పుడు ముందు పూస వత్తడమెందుకు? పచ్చి శనగపిండికి ఒక పసరువాసన ఉంటుంది. పప్పులోని కొవ్వును ఒక ఎంజైము విరగగొట్టడం వల్ల అది పుడుతుంది. సన్నని పూస నడిబొడ్డుదాకా త్వరగా వేగి ఆ ఎంజైము నశిస్తుంది. పిండిలోని మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలిసి కొత్త వాసనలనిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెయ్యార్ పేరుతో పిలుస్తారు. రెండోసారి దంచినప్పుడు ప్రతి రేణువుకూ నెయ్యి పట్టి, నాలుకకు గరుకు తగలదు. తేమ తక్కువ, బెల్లం ఎక్కువ కనుక సూక్ష్మజీవులకు కావలసిన నీరు అందులో దొరకదు. అందుచేత లడ్డు కొన్ని వారాలు నిలుస్తుంది, ఓడ ప్రయాణానికీ రైలు ప్రయాణానికీ ఓర్చుకొంటుంది. ఒక ఊరి మిఠాయి పేరు పొరుగూళ్లకు పాకాలంటే రుచితోబాటు ఈ ఓర్పు కూడా ఉండాలి.

హల్వా కథ వేరు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీస్తారు. బంకగా సాగే పిప్పి మాంసకృత్తు, దానిని పారవేస్తారు. పాలలో తేలే తెల్లని పొడి పిండిపదార్థం. బెల్లంతో కలిపి ఉడికించేటప్పుడు పిండి రేణువులు నీరు పీల్చి, ఉబ్బి, పగిలి, చిక్కని పారదర్శకపు ముద్దగా మారుతాయి. బెల్లం నీటిని తనవైపు లాగుతూ ఉంటుంది కనుక ఈ మార్పు తొందరగా జరగదు. గంటల తరబడి తెడ్డు ఆడాలి. మొదట ముద్ద నెయ్యి తాగుతుంది, ఉడికిన పిమ్మట అదే నెయ్యిని వదలుతుంది. అప్పుడు దింపాలని హల్వా వండేవారికి తెలుసు. గడియారం చూసి దింపేవాడు హల్వా చెడగొడతాడు.

ఆకలి, ఉపవాసం, మిరియం

రేవుకు పాశ్చాత్యులు రాకముందు ఈ సీమలో ఏమి తినేవారు? దీనికొక అనుకోని సాక్ష్యం ఉన్నది. దివిసీమకు ఎగువన, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం అనే గ్రామం ఉన్నది. ఆంధ్రమహావిష్ణువు కోవెల అక్కడిదే. కళింగ దండయాత్రకు పోతూ శ్రీకృష్ణదేవరాయలు ఆ గుడిలో ఏకాదశి ఉపవాసమున్నాడు. ఆ రాత్రి స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నట్లు 'ఆముక్తమాల్యద' పీఠికలో చెప్పుకొన్నాడు. ఉపవాసపు రాత్రి పుట్టిన కావ్యంలో భోజనవర్ణన అంత నోరూరించేలా ఉండడం సహజమే కాబోలు! విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని కవి ఋతువును బట్టి మార్చాడు. వానకాలం వరి అన్నం, పప్పు, వరుగులు, వడియాలు, పెరుగు, నెయ్యి. ఎండకాలం తియ్యని చారు, పలుచని పులుసులు, చెరకు రసం, కొబ్బరి నీళ్లు. చలికాలం మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ఆవపెట్టిన పచ్చళ్లు, పాయసాలు, కాగిన పాలు. కథ జరిగిన చోటు విల్లిపుత్తూరయినా, వంటిల్లు మాత్రం తెలుగువారిది.

ఆ పంక్తిలో మిరపకాయ లేదు. ఉండడానికి వీలు లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట ఈ దేశానికి వచ్చింది. అంతకుముందు కారమంటే మిరియం, పిప్పళ్లు, ఆవ, అల్లం. ఎఱ్ఱని ఆవకాయ లేనిదే ముద్ద దిగదనే నేటి డెల్టావాసి రాయలవారి పంక్తిలో కూర్చుంటే "కారం చాలలేదు" అని లేచిపోయేవాడేమో. మనకు అనాదిగా వచ్చిన ఇష్టమనుకొనే దాని వయస్సు ఒక్కొక్కప్పుడు అయిదు వందల ఏండ్లకు మించదు.

కాలువ తెచ్చిన తెలుపు

1832-33లో, నందన నామ సంవత్సరంలో వానలు లేక గుంటూరు, మచిలీపట్నం సీమలు కరువు పాలయ్యాయి. ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల జనంలో 2 లక్షల మంది చనిపోయారని నాటి అంచనా. అప్పటికి డెల్టాలో చెరువుల కింద, వానకు పండే వరి కొంత ఉండేది. బీదల కడుపు నింపేవి మాత్రం జొన్న, సజ్జ, చోళ్లు. తిండిలో ఇష్టానిష్టాల మాట కడుపు నిండినవారిది. గంజి దొరకని ఏడు ఏ రుచి మేలని అడిగేవారు లేరు.

1852లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1957 నాటి ప్రకాశం బ్యారేజి దానికి వారసురాలు. కాలువలు గుడివాడ మీదుగా బందరుదాకా, మరొక పాయన దివిసీమదాకా పారాయి. అంతవరకు చాలా ఇళ్లలో పండుగనాడు మాత్రమే వండిన వరి అన్నం రోజువారీ తిండిగా మారింది. అరిసె, పరమాన్నం పెద్ద ఇళ్ల వాకిళ్లు దాటి వచ్చాయి.

అరిసె ఒక చిన్న భౌతికశాస్త్ర పాఠం. నానిన పచ్చిబియ్యాన్ని తడిపొడిగా దంచి, ఉండపాకంలో కలపాలి. పాకం కుదిరిందా లేదా అన్నది పళ్లెంలోని నీళ్లలో ఒక చుక్క వేసి చూస్తారు. చుక్క మెత్తని ఉండగా చేతికి వస్తే సరి. నీటిలో బెల్లం పాలు పెరిగినకొద్దీ ద్రావణపు మరుగుస్థానం 100 డిగ్రీలను దాటి పైకి పోతుంది. ఉండపాకం దగ్గర అది సుమారు 112 నుంచి 116 సెంటిగ్రేడు డిగ్రీలు. ఉష్ణమాపకం ఎరుగని అమ్మమ్మ వేలికొసలతో అదే కొలత కొలిచింది.

పరమాన్నానికీ, అరిసెకూ పచ్చిబియ్యమే కావాలి. వడ్లను ఉడికించి ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం ఇందుకు పనికిరాదు. దానిలోని పిండి ఒకసారి ఉడికి గట్టిపడినందున గింజ పాలలో విచ్చుకోదు, పిండి బంక పట్టదు. పైగా ఉప్పుడు బియ్యపు వాసన ఉత్తర సర్కారులవారికి గిట్టదు. తమిళదేశంలోను, వంగదేశంలోను ఉప్పుడు అన్నం ఇష్టంగా తింటూంటే, ఇక్కడివారికి మల్లెపూవులాంటి పచ్చిబియ్యపు అన్నమే అన్నం. పండుగ తీపికి తగిన బియ్యమే నిత్యభోజనానికీ స్థిరపడింది. ఈ చిన్న అభిరుచికి చెల్లించిన వెల చిన్నది కాదు.

కాళ్లు తిమ్మిరెక్కడం, పాదం వ్రేలాడడం, ఒళ్లు ఉబ్బడం, చివరకు గుండె ఆగిపోవడం. ఈ లక్షణాల వ్యాధి బెరిబెరి. భారతదేశంలో ఇది ప్రబలిన ప్రాంతం ఉత్తర సర్కారుల తీరమే. 1835లోనే మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ ఈ వ్యాధిమీద ఒక గ్రంథం ప్రకటించాడు. కారణం అప్పుడు అంతుబట్టలేదు. 1890 తరువాత జావాలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లని మరబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెట్టగానే అవి లేచి తిరగడం గమనించాడు. తవుడులో ఉన్న ఆ పదార్థాన్ని 1926లో వేరుచేశారు, 1936లో కృత్రిమంగా తయారుచేశారు. అదే థయామిన్, బి-1 విటమిన్. దంపుడు బియ్యంలో అది కొంత మిగులుతుంది. ఉప్పుడు బియ్యంలో, ఉడికేటప్పుడు పైపొరనుంచి గింజలోపలికి ఇంకి నిలుస్తుంది. పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా పట్టిస్తే దాదాపు పోతుంది. మిగిలినది బియ్యం కడిగిన నీళ్లలోను, వార్చిన గంజిలోను పోతుంది. 20వ శతాబ్ది మొదటి భాగంలో డెల్టా పట్టణాలలో బియ్యపు మరలు లేచి, రోకలికి సెలవిచ్చిన కొద్దీ ఆ కాస్త రక్షణ కూడా తగ్గిపోయింది.

1918లో కూనూరులో మెకారిసన్ ఒక గదిలో 'బెరిబెరి విచారణ' మొదలుపెట్టాడు. 1924లో నోరిస్‌తో కలిసి, భారతదేశంలో బియ్యానికీ ఈ వ్యాధికీ గల సంబంధం మీద నివేదిక వెలువరించాడు. 1935 నుంచి అక్కడ అధిపతిగా ఉన్న అక్రాయిడ్, ఆయన సహచరులు శిశుమరణాల లెక్కలు తీశారు. తల్లి తెల్లని అన్నం తిని, బాలింత పథ్యమని పప్పు, కూరలు కూడా మానితే ఆమె పాలలో థయామిన్ కరవవుతుంది. మూడు నాలుగు నెలల పసివాడు, చూపుకు బొద్దుగా ఉన్నవాడే, హఠాత్తుగా పోతాడు. ఉప్పుడు బియ్యం తినండి, లేదా తక్కువ పట్టు పట్టిన బియ్యం తినండి అని నిపుణులు చెప్పారు. సలహా సులువే. వాసన గిట్టని అన్నం తినడమే కష్టం. పప్పు, పాలు, కూరలు పెరిగి, విటమిన్ మందులు అందుబాటులోకి వచ్చిన తరువాత 20వ శతాబ్ది రెండవ భాగంలో ఈ వ్యాధి వెనుకబట్టింది. ఆ కూనూరు గదియే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

మరలో రాలిన తవుడు ఎక్కడికి పోయింది? గుడివాడ పరిసర గ్రామాలలో అది పాడిగేదెల కుడితిలోకి పోయింది. ఇంటిల్లిపాదీ తెల్లని అన్నం తింటూండగా వారి విటమినును గేదె తాగింది! ఆ గేదె ఈనినప్పుడు మాత్రం ఇంటివారికి జున్ను దక్కింది. ప్రకృతి ఒంటిచేత్తో చేసిన పాయసమంటే ఇదే. ఈనిన మొదటి రోజుల పాలలో, దూడను రోగాలనుంచి కాపాడే మాంసకృత్తులు మామూలు పాలకంటె ఎన్నో రెట్లుంటాయి. వేడి తగలగానే కోడిగుడ్డు సొనలాగా అవి గట్టిపడతాయి. బెల్లం, మిరియాలపొడి, ఏలకులు వేసి ఆవిరికి పెడితే చాలు, తోడు అక్కరలేదు. రాయలనాటి మిరియం మిరప చేత ఓడిపోకుండా నిలిచిన తావులలో జున్ను ఒకటి.

ఉప్పునేల తీపి

పులిగడ్డ వద్ద కృష్ణ రెండుగా చీలగా నడుమ మిగిలిన భూమి దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దాటి హంసలదీవికి చేరేసరికి నేలలోనే ఉప్పు ఉన్నది. ఉప్పునేల చెరకు బెల్లానికి కొంచెం ఉప్పదనం, నలుపు అంటుతాయి; అది తేమ లాగి త్వరగా నీరుగారుతుంది. మంచి బెల్లం ఎరిగినవారు దానిని ఎంచి పక్కన పెడతారు. అయినా రవ్వంత ఉప్పు తీపికి శత్రువు కాదు. ఉప్పు చేదును అణచివేయడంతో తీపి మరింత పైకి తేలుతుందని ప్రయోగాలవల్ల తెలిసింది. పాయసంలో చిటికెడు ఉప్పు వేసే ఇల్లాలికి ఆ ప్రయోగాల అవసరం లేకపోయింది.

తీరపు పల్లెలలో బీదవారి తీపి తాటిచెట్టు. వేసవిలో ముంజెలు, వానకాలం తాటిపండు గుజ్జు బియ్యపురవ్వతో కలిపి కాల్చిన రొట్టె, చలికాలం తేగలు, పొడుగునా తాటిబెల్లం. ఉప్పెనకు ఓర్చుకొనేది కూడా ఆ చెట్టే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలకు పైగా పోయారు. సముద్రం ఎక్కిదిగిన పొలంలో ఉప్పు కడుక్కుపోయేవరకు వరి సరిగా పండదు.

వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుములు చల్లడం డెల్టా అలవాటు. నేలలో మిగిలిన పదునుతోనే అవి పండుతాయి. ఆ మినుములు వేయించి, విసిరి, బెల్లం, నెయ్యి కలిపి చుట్టితే సున్నుండ. ఇందులో ఓడెక్కి వచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. పప్పుధాన్యాలలో తవుడు విటమిను బాగానే ఉంటుంది కనుక, తెల్లని అన్నపు లోటును తీర్చే శక్తి ఈ ఉండకు కొంత ఉన్నది. బందరు లడ్డుకు వచ్చిన ప్రఖ్యాతి మాత్రం దీనికి రాలేదు. ఇంట్లో చేసుకొనే దానికి ఊరి పేరు ఎవరు పెడతారు?

ఉయ్యూరులో పంచదార కర్మాగారం నడిచిన తరువాత, తెలుపు మోజు అన్నం నుంచి తీపికి కూడా పాకింది. తొక్కుడు లడ్డును పంచదార పాకంతో చేయడమూ ఉన్నది. అయినా 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు లభించేనాటికీ బెల్లపు లడ్డు అంగడి విడువలేదు. బందరు మిఠాయి కొట్లలో రెండు రకాలూ పక్కపక్కనే పేర్చి ఉంటాయి; ఏది కావాలని కొట్టువాడు అడుగుతాడు.